జోసెఫన్న దగ్గరున్న సగం సముద్రం

తార్నాకలో నా జిరాక్సు షాపు తెలియనివాళ్ళు లేరు. ఉన్నారంటే వాళ్ళు తార్నాకవాళ్ళు కారు. ఈ పదేళ్ళలో యూనివర్సిటీలో డాక్టరేటు పుచ్చుకున్నవాళ్ళలో సగంమంది థీసిసులు నా మిషన్లోంచే వేడివేడిగా బయటికొచ్చాయి. నేను జంతుశాస్త్రం ఎమ్మెస్సీ మధ్యలో వదిలేసినవాణ్ణే, కాదనను. ఒక్క డిగ్రీ తెచ్చుకోవడం ఏం గొప్ప? నేను నాలుగు వందల డిగ్రీలకు అట్ట వేశాను. అలాంటి ఈ భూపాల్ నోరు మూసుకునేది లోకంలో ఒకే ఒక్క మనిషి ముందు. ఆయన మా డిపార్టుమెంటు అటెండరు జోసెఫన్న.

జోసెఫన్నకు ఇప్పుడు అరవై. విశాఖ అవతల కొండరేవుపాలెం అనే జాలర్ల ఊరు ఆయనది. పందొమ్మిదో ఏట, ఇక్కడ చర్చిలో పనిచేసే మేనమామ వెంట వచ్చి, డిపార్టుమెంటు మ్యూజియంలో కుదిరాడు. గాజుసీసాల్లో ఊరే చేపలకు మందునీళ్ళు తగ్గకుండా చూడటం, చీటీలు అంటించడం, ప్రాక్టికల్స్‌కు చేపలు సిద్ధం చేయడం ఆయన పని. చేపను కళ్ళు మూసుకుని తడిమితే చాలు, అది ఏ తీరంలో పెరిగిందో, ఏ నెలలో వలలో పడిందో, దాని అత్తగారిది ఏ ఊరో చెప్పేస్తాడు. ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు సీసాలోని చేపను చూసి ఏదో లాటిన్ పేరు చెప్పాడు. జోసెఫన్న మెల్లగా, "అయ్యా, తోక కూడా ఒకసారి చూడండి" అన్నాడు. ప్రొఫెసరు తోక చూశాడు, తన పుస్తకం చూసుకున్నాడు, ఆ సాయంత్రమే రైలెక్కాడు. వెళ్ళి మళ్ళీ ఒకటో తరగతిలో చేరాడని కొందరంటారు. నేను అంత అతిశయం చెప్పను. రెండో తరగతి అనే విన్నాను.

నా చదువు ఆపింది కూడా ఆయనే. చేప తలలో నరాలు విడదీసి చూపించాల్సిన రోజున నేను నరాలన్నీ తెగ్గోసి, తలను కూడా రెండు ముక్కలు చేశాను. జోసెఫన్న ఆ ముక్కల్ని చూసి, "భూపాల్, నీ చేతికి నరం దొరకదు నాయనా. కత్తెర అక్కడ పెట్టీసి కాగితాల పనేదైనా చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. ఇవాళ సొంత షాపు.

ఆయనలో ఒక్కటే అంతుబట్టేది కాదు. నలభై ఏళ్ళుగా చేపల మధ్యే బతుకుతున్న మనిషి సముద్రం మాట మాత్రం ఎత్తేవాడు కాదు. ఎవరైనా అడిగితే, "ఉప్పగా ఉంటాది" అని ఊరుకునేవాడు.

మొన్న జనవరిలో ఒక సోమవారం, మౌలాలి నుంచి వచ్చే స్నిగ్ధ అనే రీసెర్చి పిల్ల పెన్‌డ్రైవు ఊపుకుంటూ షాపులోకి వచ్చింది. శుక్రవారం ఆమెకు ప్రాణం మీదికొచ్చే పరీక్ష. సముద్రంలో చేపలు గుడ్లుపెట్టే చోట్లను కాపాడటానికి డబ్బిచ్చే సంస్థ ఒకటుంది. దాని తరఫున అరుంధతి గారు అనే పెద్దావిడ క్యాంపస్‌కు వస్తున్నారు. పోటీలో రెండు తీరాలున్నాయి, నిధి ఒక్కదానికే. స్నిగ్ధ ఎంచుకున్న తీరం మన జోసెఫన్న ఊరు.

సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సముద్రంలో ఒక ముక్కకు హద్దులు పెట్టి, అక్కడ వల వెయ్యం, గేలం వెయ్యం, లంగరు దించం అని ఊరంతా కట్టుబడాలి. చేపలు అక్కడ నిశ్చింతగా పిల్లల్ని పెంచుకుంటాయి. సంసారం పెరిగి చోటు చాలక హద్దు దాటి వచ్చినవి జాలర్లకు. వినడానికి తేలికే. కానీ వేట మానుకున్న ఇళ్ళల్లో పొయ్యి వెలగాలి, కాపలా పడవ తిరగాలి, నీళ్ళమీద హద్దు గుర్తులు తేలాలి, కింద చేపలు పెరిగాయో లేదో ఎవరైనా మునిగి చూడాలి. నిధి వీటికి.

"భూపాల్ అన్నా, మ్యాపు రంగులల్ల తియ్యి. సముద్రం నీలంగ రావాలె. పోయినసారి ఆకుపచ్చగ వచ్చింది" అంది స్నిగ్ధ.

"పోయినసారి మీ సముద్రమే నాచుపట్టి ఉండె. నా మిషన్ ఏం చేస్తది?"

అప్పుడే పెన్షను కాగితాలు కాపీ తీయించుకోవడానికి జోసెఫన్న వచ్చాడు. తెరమీద తన ఊరి తీరం, దాని ముందు ఎర్రటి గీతలతో ఒక పెట్టె కనిపించేసరికి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఈ డబ్బా ఏటమ్మా?"

"గదే అంకుల్, మనం మూసేద్దామనుకుంటున్న జాగ."

"ఇది ఇసకమ్మా. వొట్టి ఇసక."

"ఊరి పడవలన్నీ గీడనే తిరుగుతయి అంకుల్. ఆర్నెల్లు కూసొని శాటిలైట్ బొమ్మలల్ల లెక్కపెట్టిన."

"తార్నాక సిగ్నలు కాడ బస్సులన్నీ ఆగుతాయి గదా. అయి అక్కడే పుడతాయా?"

నేను పగలబడి నవ్వాను. స్నిగ్ధ నవ్వలేదు. తెలివైన పిల్ల కాబట్టి మాట సూటిగా తగిలింది. పడవలు తిరిగేది చేప దొరికేచోట. చేప పుట్టి పెరిగేది ఇంకోచోట. ఇసకకు కాపలా పెడితే నిధి అంతా ఇసకపాలే.

"మరి ఏడ పుడతయి అంకుల్? మీకు ఎరుకేనా?"

జోసెఫన్న తెరవంక చూశాడు, రోడ్డువంక చూశాడు. "నాకు తెలీదమ్మా" అని గబగబా వెళ్ళిపోయాడు. అబద్ధం. ఆ విద్యలో నేను ఆరితేరినవాణ్ణి కాబట్టి, ఎదుటివాడు మొదటిసారి ప్రయత్నిస్తే ఇట్టే పసిగడతాను. పైగా పెన్షను కాగితాలు మిషన్ అద్దం మీదే వదిలేసి పోయాడు. గవర్నమెంటు ఉద్యోగి పెన్షను కాగితాలు మరిచాడంటే లోపల తుపాను ఉన్నట్టే.

మర్నాడు ఆ కాగితాలు పట్టుకుని నేనూ స్నిగ్ధా మ్యూజియంకు వెళ్ళాం. జోసెఫన్న సీసాలు తుడుస్తున్నాడు.

"అన్నా, నిన్న మాకు కథ చెప్పినవు. కథలు చెప్పేది నేను కదా. నా పొట్ట ఎందుకు కొడతవు?" అన్నాను.

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

సముద్రంలో రోడ్డుండదు, మైలురాయి ఉండదు. జాలరి గట్టు మీద రెండు గుర్తులు పెట్టుకుంటాడు. ముందున్న గుర్తు, వెనకున్న గుర్తు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపించేలా పడవ నడిపితే అది ఒక గీత. ఇంకో వైపు ఇంకో రెండు గుర్తులు కలిస్తే ఇంకో గీత. రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకునేచోట ఆగి తాడు దించితే, చేప ఉన్నచోట దించినట్టే. జోసెఫన్న వంశానికి అలాంటి చోటు ఒకటుంది. నీళ్ళకింద పెద్ద పెద్ద రాళ్ళ గుంపు. చుట్టుపక్కల చేపలన్నిటికీ పుట్టిల్లు అదే. తాతల కాలం నుంచీ ఆ చోటు పరాయివాడికి చెప్పింది లేదు.

"మా ఇంట్లో ఆచారం ఏటంటే, పెద్దకొడుక్కి ఒక గీత, చిన్నకొడుక్కి ఒక గీత. రెండూ ఒక్కడికి చెప్పరు. ఒక్కడికి తెలిస్తే ఆశకి పోయి ఊడ్చేస్తాడు. సగం సగం చెప్తే ఇద్దరూ ఒక పడవలో ఎల్లాల. దెబ్బలాడుకున్నా ఒక పడవలోనే దెబ్బలాడుకోవాల. ఒకడు గుర్తులు చూసుకునీటప్పుడు రెండోవాడు గట్టువైపు చూడకూడదు." జోసెఫన్న నేలవంక చూస్తూ అన్నాడు. "నేను ఏడాదికి మూడుసార్లు సెలవు పెట్టి ఎల్లీవాణ్ణి. మా తమ్ముడు ప్రశాంతూ నేనూ."

"ఇప్పుడు పోతలేరా?" అంది స్నిగ్ధ.

"మా అయ్య పోయినప్పుడు ఇక్కడ ప్రాక్టికల్ పరీక్షలు. బయటినుంచి ఎగ్జామినరొచ్చి కూచున్నాడు. నేను లేకపోతే చేపలు సిద్ధం చేసీవాళ్ళు లేరు. పరీక్ష కానిచ్చి ఎల్లేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. 'చచ్చిన చేపలకి కాపలా కాసీవు, అయ్యని చూణ్ణానికి రానేకపోనావు. నీ సగం నీకాడే ఉంచుకో' అన్నాడు తమ్ముడు. పదకొండేళ్ళయింది. మాటల్లేవు."

తెచ్చిన పెన్షను కాగితాలు ఆయన పక్కన పెట్టాను. స్నిగ్ధ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అంకుల్, ఒక్క నిమిషం. అంటే పదకొండేళ్ళ సంది గాడ ఎవ్వరు గేలమెయ్యలె?"

"ఎవులేస్తారు? వాడి గీత నాకు తెలీదు, నా గీత వాడికి తెలీదు."

"పెద్ద మరబోట్లు?"

"రాళ్ళకి వల చిరిగిపోద్దని అటు రారు."

స్నిగ్ధ మ్యూజియం అంతా ఒక చుట్టు తిరిగొచ్చింది. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో ఇవాళ హద్దులు గీసి, ఫలితం కోసం పదేళ్ళు ఎదురుచూస్తుంటే, కొండరేవుపాలెంలో ఇద్దరన్నదమ్ముల పంతం పదకొండేళ్ళ కిందటే ఒక ముక్కను మూసేసి కూర్చుంది. నిధి లేదు, జీవో లేదు, కాపలా లేదు. అక్కడ చేపలు నిజంగా పెరిగి ఉంటే ఏ కమిటీ అయినా కాదనలేని సాక్ష్యం అది. కావలసింది తమ్ముడి సగం. చేతిలో ఉన్నది మూడు రోజులు.

"తమ్ముడి నంబరు నాకియ్యండి. మాటల్ల నన్ను గెలిచినోడు తార్నాకల లేడు" అన్నాను.

అవతల గొంతు గాలిలో పలికింది. "ఎవులు?"

"యూనివర్సిటీ నుంచి. డాక్టర్ భూపాల్."

"దేనికి డాకటేరు?"

"చేపలకు."

"సేపలకేటి, ఒంట్లో బాగోనేదా?"

"బాగానే ఉన్నయి. శుక్రవారం పొద్దున ఇక్కడ యూనివర్సిటీల మీ ఊరి చేపలను కాపాడే నిధి మీటింగున్నది. దానికి మీ ఇంటి గీత గురించి రెండు ముక్కలు..."

"గీత ఊసు నీకెవులు సెప్పినారు? అన్నయ్యా? ఫోను పెట్టీ." ఆయనే పెట్టేశాడు. తార్నాకలో గెలిచినవాడు లేడన్నాను గానీ, కొండరేవుపాలెం సంగతి చెప్పలేదు కదా.

అప్పుడు జోసెఫన్న తన ఫోను తీశాడు. పదకొండేళ్ళుగా చెయ్యని నంబరు, ఎక్కడా చూడకుండా నొక్కాడు.

"తమ్ముడూ, నేనే. మాటాడకు, విను. చర్చి సిలువ. దాని ఎనకాల కొండమీద చీలిక. సిలువ పోయి చీలికలో ఇమిడిపోయేదాకా నడుపు. అదే అయ్య నాకిచ్చిన గీత. నీది నాకు చెప్పొద్దు." అంతే, పెట్టేశాడు.

స్నిగ్ధ మొహం పాలిపోయింది. "అంకుల్, ఏం చేసిన్రు? ఇప్పుడు ఆయన దగ్గర రెండూ ఉన్నయి. శుక్రవారం దాకా ఎందుకు, రేపటికల్ల మొత్తం పట్టుకపోతడు."

"పట్టుకెల్తే పట్టుకెల్లనీమ్మా. వాడు సముద్రంలో ఉన్నోడు, నేను సీసాల్లో ఉన్నోణ్ణి." ఫోను జేబులో పెట్టుకుంటూ మళ్ళీ అన్నాడు. "అడిగితే ఇవ్వడు. నాకు తెలుసు, నేనైనా ఇవ్వను."

బుధవారం ప్రశాంత్ ఫోను పలకలేదు. గురువారమూ పలకలేదు. పడవ తీసుకుని వెళ్ళాడన్నమాటే. పదకొండేళ్ళ చేపలు, రెండు గీతలూ తెలిసిన ఒక్క మనిషి. స్నిగ్ధ నా షాపులో కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. జోసెఫన్న నిండుగా ఉన్న సీసాలో మందునీళ్ళు పోస్తూనే ఉన్నాడు. బల్లంతా తడిసి, వాసనకు నా కళ్ళు మండేదాకా ఆయనకు తెలియలేదు.

శుక్రవారం పొద్దున సెమినార్ హాలు. అరుంధతి గారు నూలుచీరలో, కమిటీవాళ్ళతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ప్రొజెక్టరు చెడిపోతే బాగుచేసేవాడు కావాలని నన్ను పిలిచారు. నిజానికి నేనే వచ్చాను. జోసెఫన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. స్నిగ్ధ మ్యాపు వేసింది.

"మేడం, ఈ మ్యాపు తప్పు. నేను గీసిన చోట ఇసక తప్ప ఏం లేదు."

అరుంధతి గారు కళ్ళజోడు తీశారు. "సరైన చోటు ఏదమ్మా?"

"ఉన్నది మేడం. కానీ ఎక్కడో నాకు తెలవదు."

పోటీలో ఉన్న రెండో తీరానికి నిధి దాదాపు వెళ్ళిపోయిందనుకున్నాను. అప్పుడే జోసెఫన్న పక్కనుంచి ఒక మనిషి లోపలికొచ్చాడు. ఎండకు కాగిన నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, భుజం మీద తాళ్ళతో బిగించిన పెద్ద థర్మోకోల్ పెట్టె. పెట్టెలోంచి నీళ్ళు కారుతున్నాయి. కాచిగూడలో రైలు దిగి సరాసరి వచ్చినట్టున్నాడు. జాలరి ఐసుపెట్టెలో ఏం తెస్తాడో ఎవరికి తెలియదు? జోసెఫన్న ఆ పెట్టెను చూసి గోడకు ఆనుకున్నాడు.

"ఇక్కడ సేపల డాకటేరు ఎవులు?" అన్నాడు ప్రశాంత్.

అందరూ నావంక చూశారు. నేను ప్రొజెక్టరు వంక చూశాను.

ప్రశాంత్ పెట్టె బల్లమీద పెట్టి తాళ్ళు విప్పాడు. కరిగిన ఐసు, తడిగోనె, దాని కింద ఇంకో గోనె, మూడు ప్లాస్టిక్ కవర్లు. చివరికి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద కెమెరా ఒకటి బయటపడింది.

"మా అమ్మాయి జెస్సికాది. కాలేజీలో ఈడియోలు తీస్తాది. గేలం కట్టే తాడుకి గేలం బదులు దీన్ని కట్టి దించినాను."

"మరి ఐసులో ఎందుకు పెట్టిన్రు?" అంది స్నిగ్ధ.

"నీళ్ళలోంచి తీసింది గదమ్మా. పాడైపోద్దేమోనని."

నేను కెమెరాకు వైరు తగిలించాను. నా చేతికి నరం దొరకకపోవచ్చు, వైరు దొరుకుతుంది. గోడమీద మొదట పచ్చటి మసక. తర్వాత చీకటి. తాడు ఊగి, కెమెరా తిరిగి, ఒక రాయి కనిపించింది. ఆ రాయి కదిలింది. అది రాయి కాదు, చేప. దాని వెనక ఇంకోటి. తర్వాత గోడంతా చేపలే. పొద్దున తొమ్మిదింటికి తార్నాకలో ఆగే బస్సులో కూడా అంత ఒత్తిడి ఉండదు. ఒకటి లోపల చోటు దొరక్క ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నట్టు రాతి అంచున ఊగుతోంది. నా కొలత ప్రకారం ఆటో అంత ఉంది. స్నిగ్ధ తర్వాత చూసి మూడడుగులంది. చదువుకున్నవాళ్ళు అన్నీ తగ్గించే చెబుతారు.

తలుపు దగ్గర గోడకు ఆనుకున్న మనిషి ఎప్పుడు ముందుకొచ్చాడో తెలియదు. గోడమీద చెయ్యి పెట్టి, చేప వెంట చేప, ఊళ్ళో పిలిచే పేర్లతో పిలుస్తున్నాడు. కమిటీవాళ్ళంతా లేచి గోడ దగ్గరికి చేరారు. స్నిగ్ధ రాసుకుంటూ, రాయలేక, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏం బాబూ, ఎన్ని పట్టారు?" అన్నారు అరుంధతి గారు.

"గేలాలు ఇంటికాడే ఒదిలీసి ఎల్లినానమ్మా. పట్టుకెల్తే పట్టీసీవాణ్ణి."

"ఎందుకొదిలేశావురా?" జోసెఫన్న గోడమీంచి చెయ్యి తియ్యకుండానే అడిగాడు.

పదకొండేళ్ళ తర్వాత తమ్ముడు అన్నవంక చూశాడు. "నువ్వు అడిగుంటే సగమూ ఇచ్చీవాణ్ణి కాదు. అడక్కుండా ఇచ్చీసినావు. ఇంక నానేటి సెయ్యను?"

రెండు గీతల సంగతంతా స్నిగ్ధ చెప్పగా విని, అరుంధతి గారు కూర్చున్నారు. గొంతులో ఉత్సాహం దాగడం లేదు గానీ మాట మాత్రం ఖచ్చితంగా చెప్పారు. హద్దులు కాగితం మీద పడాలి. పడితే ఊరందరికీ తెలుస్తుంది. అది ఇక ఒక ఇంటి సొత్తుగా ఉండదు. ఊరి పడవలన్నీ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. అప్పుడే నిధి. ఇష్టమేనా?

ప్రశాంత్ బోర్డు దగ్గరికి నడిచాడు. సుద్దముక్కతో గట్టు గీశాడు. ఉప్పు నిలవచేసే కొటారు మూల, దాని వెనక సరుగుడు తోపు చివర, అక్కడినుంచి సముద్రంలోకి ఒక గీత. సుద్దముక్క అన్నకు చాచాడు. జోసెఫన్న చర్చి గీశాడు, కొండ గీశాడు, చీలిక పెట్టాడు. నరాలను వెంట్రుక మందాన విడదీసే చెయ్యి అంత వంకరగా గీయడం నేనెప్పుడూ చూడలేదు. రెండు గీతలూ కోసుకున్నచోటు స్నిగ్ధ ఎర్రపెట్టెకు రెండు కిలోమీటర్ల అవతల ఉంది.

శుక్రవారం రాత్రి రైలుకే ఊరెళ్ళి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు ఊరిని పోగుచేశారు అన్నదమ్ములు. నేను షాపులో, జోసెఫన్న కలిపి ఉంచిన ఫోనుకు అతుక్కుపోయి ఉన్నాను, పక్కన స్నిగ్ధ. అరగంట పాటు వినిపించింది తిట్లు ఒక్కటే. ఇన్ని తరాలు దాచారా, మా పిల్లలు ఖాళీ వలలు లాగుతుంటే మీరు చేపల బ్యాంకు మీద కూర్చున్నారా అని. ఒక ముసలాయన కర్ర ఎత్తాడట. ప్రశాంత్ వాదించలేదు. "పదండి, సూపిస్తాను" అని నాలుగు పడవల్లో పెద్దల్ని ఎక్కించుకుని వెళ్ళాడు. కెమెరా కట్టిన తాడు దించి, జెస్సికా ఫోనులో కిందున్నది చూపించాడట. తిరిగొచ్చాక తిట్లు ఆగి, హద్దు ఎంతదాకా పెట్టాలి, కాపలా వంతులు ఎవరెవరికి అన్న రగడ మొదలైంది. తార్నాకలో స్నిగ్ధ స్టూలు మీంచి దూకింది. హద్దు గురించి కొట్టుకుంటున్నారంటే ఒప్పుకున్నట్టే.

సాయంత్రం సంతకాల కాగితాలు ఫోటోలుగా నా షాపుకొచ్చాయి. మూడు పేజీలు, సంతకాలూ వేలిముద్రలూ. నా మిషన్ పదేళ్ళలో అంత చక్కగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. కాగితాలు ఇంకా వేడిగా ఉండగానే స్నిగ్ధ లాక్కుని పరుగెత్తింది. వారం తిరిగేలోగా అరుంధతి గారు సంతకం పెట్టారు.

ఇప్పుడు జోసెఫన్న రిటైరయ్యాడు. మొన్న కాపలా పడవలోంచి ఫోను చేశాడు. గాలి హోరులో అటు ప్రశాంత్ గొంతు, ఇటు ఈయన గొంతు, పడవ ముక్కు ఎటు తిప్పాలని ఇద్దరూ వాదులాడుకుంటున్నారు.

"అన్నా, ఎట్లున్నది సముద్రం?" అన్నాను.

"రెండుసార్లు కక్కీసినాను. కిందకి చూడకు, ఇంకా తిప్పుద్ది అంటన్నాడు తమ్ముడు."

"మరి చూస్తలేవా?"

"చూస్తన్నాను నాయనా. పిల్లలు. వేలెడంత పిల్లలు. హద్దు దాటి ఒడ్డువైపుకి పోతన్నాయి."

ఎన్నున్నాయని అడిగాను. ఆయన చెప్పిన లెక్క ఇక్కడ రాయను. రాస్తే నేనే పెంచానంటారు.